సగం తిన్న ఆపిల్‌ను ఎవరూ పరీక్షించలేదు: అలన్ ట్యూరింగ్ మరణంలో మిగిలిన రసాయన ప్రశ్న

1954 జూన్ 8, మంగళవారం. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కన విల్మ్‌స్లో అనే చిన్న ఊరు. సాయంత్రం వంట చేయడానికి వచ్చిన పనామె పడకగది తలుపు తీసి చూసింది. ఇంటి యజమాని మంచం మీద చనిపోయి ఉన్నారు. నోటి దగ్గర నురగ. పక్కనున్న చిన్న బల్ల మీద సగం తిన్న ఆపిల్. పోలీసు సార్జెంట్ వచ్చాడు. చేదు బాదం వాసన వస్తోందని గమనించాడు. అదే రాత్రి పోస్ట్‌మార్టమ్ జరిగింది. జూన్ 10న కరోనర్ విచారణ జరిపి, మానసిక స్థితి సరిగా లేనప్పుడు చేసుకున్న ఆత్మహత్య అని తేల్చారు. శవం దొరికిన రోజుకూ తీర్పు వచ్చిన రోజుకూ మధ్య గడిచింది రెండు రోజులు.

చనిపోయిన వ్యక్తి అలన్ ట్యూరింగ్. ఇంకో పదహారు రోజులకు ఆయనకు 42 ఏళ్లు నిండేవి. ఇవాళ మనం కంప్యూటర్ అని పిలుస్తున్న యంత్రానికి సిద్ధాంతపు పునాది వేసినవాడు. యంత్రాలు ఆలోచించగలవా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా మొదట వినిపించే పేరు. ఆయన గురించి తెలియనివాళ్లకు కూడా ఆ ఆపిల్ కథ తెలుసు. విషం పూసిన ఆపిల్ కొరికి చనిపోయాడన్నది ఎన్నో పుస్తకాల్లో, సినిమాల్లో, ఫార్వర్డ్ మెసేజీల్లో కనిపిస్తుంది. ఒక ఫోన్ కంపెనీ గుర్తు అక్కడి నుంచే వచ్చిందన్న కట్టుకథ కూడా దాని వెంటే తిరుగుతుంటుంది.

కానీ ఆ ఆపిల్ మీద సైనైడ్ ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఏ లేబొరేటరీకీ పంపలేదు. ఇరవయ్యో శతాబ్దపు అత్యంత ప్రసిద్ధ విషప్రయోగ కథలో ప్రధాన సాక్ష్యానికి పరీక్షే జరగలేదు.

పార్వతీపురం నుంచి ఛత్రపురం దాకా

తెలుగు పాఠకులకు ట్యూరింగ్‌తో ఒక చుట్టరికం లాంటిది ఉంది. మన దగ్గర దాన్ని పెద్దగా చెప్పుకోరు. ఆయన తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఐసీఎస్ అధికారి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి, ఉద్యోగంలో ఎక్కువ భాగం తెలుగు జిల్లాల్లోనే గడిపారు. తెలుగు నేర్చుకున్నారు. పెళ్లయ్యాక భార్యతో కలిసి తిరిగిన ఊళ్ల పేర్లు చూస్తే మన రైల్వే టైంటేబుల్ చదువుతున్నట్టే ఉంటుంది: పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, చికాకోలు, కర్నూలు, చివరికి ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం జిల్లా ఛత్రపురం.

తల్లి ఎథెల్ సారా స్టోనీ పుట్టింది కోయంబత్తూరు పక్కన పోదనూరులో. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీర్. తుంగభద్ర మీద వంతెన కట్టించారు. చప్పుడు చేయని పంకా చక్రం కనిపెట్టి పేటెంట్ కూడా తీసుకున్నారు. యంత్రాల పిచ్చి మనవడికి ఎటు నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. జూలియస్, ఎథెల్ 1907లో డబ్లిన్‌లో పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది పెద్దకొడుకు జాన్ కూనూరులో పుట్టాడు. రెండో కాన్పుకు సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లారు. 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు. తల్లి కడుపున పడింది ఛత్రపురంలో ఉన్నప్పుడే.

ఏడాది దాటిన పిల్లవాణ్ణి ఇంగ్లండ్‌లోనే వదిలేసి తల్లిదండ్రులు మళ్లీ ఓడ ఎక్కారు. ఇక్కడి ఎండలకు, జబ్బులకు భయపడి తెల్ల అధికారులు పిల్లల్ని అక్కడే ఉంచేసేవారు. సెయింట్ లియొనార్డ్స్ అనే సముద్రతీరపు ఊళ్లో ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ పెరిగారు. అలన్ మాత్రం తన జీవితంలో ఎన్నడూ భారతదేశానికి రాలేదు. తండ్రి పన్నులు వసూలు చేసి, తగవులు తీర్చిన ఊళ్లు కొడుక్కి ఉత్తరాల మీది తపాలా ముద్రలుగానే తెలిసి ఉంటాయి.

కుర్రవాడి మొదటి ప్రేమ లెక్కలు కాదు, రసాయన శాస్త్రం. పన్నెండేళ్ల వయసులో ఇంట్లోవాళ్లు కెమిస్ట్రీ సామాను కొనిచ్చారు. తండ్రి ఉద్యోగం వదిలేశాక కుటుంబం కొన్నాళ్లు ఫ్రాన్స్‌లో దినార్ అనే ఊళ్లో ఉంది. అక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచు ఏరుకొచ్చి దాన్నుంచి అయోడిన్ తీసేవాడు. 1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరాల్సిన రోజున దేశమంతా సమ్మె. రైళ్లు లేవు. సౌథాంప్టన్ నుంచి అరవై మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి చేరాడు. చేతికి దొరికిన వస్తువులతో, ఎవరి సాయమూ లేకుండా పని జరుపుకోవాలన్న పట్టు అది. పెద్దయ్యాక దానికి ఎడారి దీవి ఆట అని పేరు పెట్టుకున్నాడు. ఒంటరి దీవిలో చిక్కుకుంటే ఇంట్లో దొరికే సరుకులతో ఏయే రసాయనాలు తయారుచేయవచ్చు అన్నది ఆట. ఈ ఆటే చివరికి పడకగది పక్కనున్న చిన్న గదికి దారితీసింది. దాని సంగతి తర్వాత.

యుద్ధం, ఆ తర్వాత

స్కూల్లో ప్రాణస్నేహితుడు క్రిస్టఫర్ మోర్కమ్ 1930 ఫిబ్రవరిలో క్షయతో చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి అలన్ పూర్తిగా కోలుకోలేదని జీవిత చరిత్రకారులంటారు. మనసు, శరీరం, యంత్రం వీటి మధ్య సంబంధం ఏమిటన్న ప్రశ్న ఆయన్ను అక్కడి నుంచే పట్టుకుంది. 1931లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ. 1936లో, ఇరవై నాలుగేళ్లకు, గణించదగిన సంఖ్యల మీద పత్రం. ఒక పొడవాటి టేపు, దాని మీద గుర్తులు చదివి చెరిపి రాసే ఒక తల, కొన్ని నియమాలు. ఇంతే సామగ్రితో ఏ లెక్కనైనా చేయగల ఊహాయంత్రాన్ని వర్ణించి, ఏ యంత్రమూ తేల్చలేని ప్రశ్నలు కూడా ఉంటాయని నిరూపించాడు. అప్పటికి కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే గుమాస్తా అని అర్థం.

1939 సెప్టెంబర్ 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడు, బ్లెచ్‌లీ పార్క్‌లో చేరారు. జర్మనీ నౌకాదళపు ఎనిగ్మా సంకేతాలు ఛేదించే హట్ 8 విభాగానికి పెద్ద అయ్యారు. పోలండ్ గణితవేత్తలు అంతకుముందే వేసిన దారి మీద బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించారు. ఇది సినిమాగా వచ్చింది, అందరికీ తెలుసు. నాకు నచ్చిన వివరం వేరు. ఎండాకాలం పుప్పొడి పడక తుమ్ములు వస్తాయని ఆయన గ్యాస్ మాస్క్ తగిలించుకుని సైకిల్ మీద ఆఫీసుకు వచ్చేవారు. తాగే కప్పును ఎవరూ ఎత్తుకుపోకుండా రేడియేటర్‌కు గొలుసుతో కట్టేసేవారు. ఊపిరితిత్తుల్లోకి పోయే పుప్పొడికి అంత జాగ్రత్తపడిన మనిషి, ఇంట్లో ప్రయోగాల దగ్గర మాత్రం జాగ్రత్త అన్నమాటే ఎరగడని తల్లి చివరిదాకా మొత్తుకునేది.

యుద్ధం తర్వాత నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, 1948 నుంచి మాంచెస్టర్ విశ్వవిద్యాలయం. 1950లో యంత్రాల తెలివి మీద పత్రం. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం. 1952లో మళ్లీ పాత ప్రేమ, రసాయన శాస్త్రం వైపు మళ్లి, జంతువుల ఒంటి మీద చారలు, మచ్చలు ఎలా ఏర్పడతాయో సమీకరణాలతో వివరించారు.

అదే ఏడాది జనవరిలో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకు ఫిర్యాదు చేశారు. దొంగను పట్టుకునే క్రమంలో, తనకు మరో పురుషుడితో సంబంధం ఉందని ఆయనే దాచకుండా చెప్పేశారు. ఫిర్యాదుదారు కాస్తా ముద్దాయి అయ్యారు. 1885 నాటి చట్టం కింద మార్చి 31న శిక్ష పడింది. జైలు లేదా చికిత్స, ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. చికిత్స అంటే కోరికను చంపేందుకు ఏడాదిపాటు ఆడ హార్మోను. ఒళ్లు మారింది. ప్రభుత్వపు రహస్య సంకేతాల పని నుంచి తప్పించారు. 1953 ఏప్రిల్‌కు ఆ చికిత్స ముగిసింది.

నేను ఇది రాస్తున్న పుదుచ్చేరి 1954 జూన్‌లో ఇంకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. పాలన భారతదేశం చేతికి వచ్చింది ఆ ఏడాది నవంబర్ 1న. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య ఇలాంటి సంబంధాన్ని ఫ్రాన్స్ 1791లోనే నేరాల జాబితా నుంచి తీసేసింది. మాంచెస్టర్‌లో ట్యూరింగ్‌ను పట్టుకున్నది ఇంగ్లిష్ చట్టం. దాని తోబుట్టువైన భారతీయ శిక్షాస్మృతి 377వ సెక్షన్, ఆయన తండ్రి అధికారం చెలాయించిన తెలుగు జిల్లాల్లోనూ అమల్లో ఉండేది. సుప్రీంకోర్టు దాన్ని పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా చేసింది 2018 సెప్టెంబర్ 6న.

పడకగది పక్క గది

విల్మ్‌స్లో ఇంట్లో పడకగదికి ఆనుకుని ఒక ఇరుకు గది ఉండేది. ఎడారి దీవి ఆటకు అదే ప్రయోగశాల. పైకప్పు దీపం నుంచి వైర్లు లాగి, ఒక గిన్నెలోని ద్రావణంలోకి కరెంటు పంపేవారు. చెంచాలకు బంగారు పూత పూయడం అందులో ఒక ప్రయోగం. బంగారు పూతకు పొటాషియం సైనైడ్ కావాలి. మన ఊళ్లలో నగల పని చేసేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బంగారాన్ని కరిగించి నీళ్లలో నిలిపి ఉంచగలిగే గుణం సైనైడ్‌ది. అందుకే గనుల నుంచి పూత పని దాకా అది ఉంటుంది. ఆయన చనిపోయిన రోజున ఆ గదిలో గిన్నె ఉంది, సైనైడ్ ద్రావణం ఉన్న జామ్ సీసా ఉంది. ఇంట్లో పొటాషియం సైనైడ్ డబ్బా కూడా దొరికింది. గది నిండా వాసన.

అంటే చనిపోవడానికి కావలసినదీ, పొరపాటున చనిపోవడానికి కావలసినదీ ఒకే గదిలో ఉన్నాయి. ఇక తేల్చాల్సింది శరీరం. ఇక్కడ కాస్త ఆగి, ఆ విషం ఒంట్లో ఏం చేస్తుందో, రక్తం దాన్ని ఎలా బయటపెడుతుందో చూడాలి.

మనం పీల్చిన ఆక్సిజన్‌ను రక్తం కణం గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల దాన్ని వాడుకుని శక్తి తీసే పని మైటోకాండ్రియాది. ఆ పనిలో ఆఖరి మెట్టు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. సైనైడ్ పోయి ఆ ఎంజైమ్‌లోని ఇనుముకు అతుక్కుంటుంది. గుమ్మంలో ఆక్సిజన్ ఉంటుంది, లోపలికి తీసుకునేవాళ్లు ఉండరు. అన్నం వడ్డించి ఉన్నా చేయి ఆడని మనిషి పరిస్థితి కణానిది. వాడుకోని ఆక్సిజన్ రక్తంలోనే మిగిలిపోవడంతో, నల్లగా ఉండాల్సిన సిరల రక్తం కూడా ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ లేకుండా శక్తి తీసుకోవడానికి కణాలు తంటాలు పడటంతో లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. లేత జొన్న పైరు మేసిన పశువు కాసేపట్లో కూలిపోవడం కర్నూలు, అనంతపురం రైతులకు తెలిసిన విషయమే. అక్కడ పనిచేసేదీ ఇదే విషం.

అనుమానం వచ్చినప్పుడు వైద్యులు రక్తంలో రెండు రకాల జాడలు వెతుకుతారు. ఒకటి పరోక్షం. రోగి ప్రాణంతో ఉంటే లాక్టేట్ ఎంతుందో, సిరల రక్తంలో ఆక్సిజన్ ఎందుకు అంత ఎక్కువగా ఉందో చూస్తారు. ఇవి నిమిషాల్లో తెలుస్తాయి. లీటరుకు 8 మిల్లీమోల్స్ దాటిన లాక్టేట్, పరిస్థితులతో కలిపి చూస్తే, సైనైడ్ వైపు గట్టిగా వేలు చూపిస్తుంది. రెండోది నేరుగా సైనైడ్‌నే కొలవడం. దీనికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే నివేదిక వచ్చేదాకా విరుగుడు ఆపరు. హైడ్రాక్సోకోబాలమిన్ అనే విరుగుడు ఇస్తే అది సైనైడ్‌ను పట్టుకుని బీ12 విటమిన్‌గా మారిపోయి మూత్రంలో పోతుంది. చిక్కేమిటంటే ఆ మందు కెంపులా ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక తీసిన రక్తంలో రంగు మీద ఆధారపడే చాలా పరీక్షలు తప్పు చెబుతాయి. అందుకే మందుకు ముందే నమూనా తీసి పక్కన పెట్టమంటారు.

నేరుగా కొలిచే పద్ధతుల వెనక ఉన్న కిటుకు ఒకటే. రక్తంలో ఆమ్లం కలిపితే సైనైడ్ వాయువై పైకి లేస్తుంది. ఆ వాయువును పట్టుకోవాలి. డబ్లిన్ శాస్త్రవేత్త కాన్వే పేరున్న గాజు పళ్లెంలో రెండు వలయాలుంటాయి. బయటి వలయంలో రక్తం, ఆమ్లం. లోపలి గుంటలో క్షారం. మూత బిగించి వదిలేస్తే సైనైడ్ బయట లేచి లోపలి క్షారంలో దిగుతుంది. ఆ క్షారాన్ని తీసి రంగు మార్పించే రసాయనాలు కలిపి, రంగు గాఢత నుంచి ఎంత ఉందో లెక్కగడతారు. రక్తం లాంటి శరీర ద్రవాల్లో సైనైడ్‌ను ఈ పళ్లెంతో కొలిచే పద్ధతిని వివరించిన ప్రసిద్ధ పత్రం ఒక అమెరికన్ జర్నల్‌లో 1954లోనే వచ్చింది. ట్యూరింగ్ చనిపోయిన సంవత్సరం. ఇప్పుడు చాలా లేబొరేటరీలు మూత బిగించిన సీసాను వేడి చేసి, పైన చేరిన వాయువును సిరంజితో లాగి గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రంలోకి పంపుతాయి.

అంకె వచ్చినంత మాత్రాన పని అయిపోదు. సైనైడ్ ఎక్కువగా ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది కాబట్టి సీరమ్ చాలదు, మొత్తం రక్తం కావాలి. పొగ తాగేవాళ్ల రక్తంలో మామూలుగానే కొంత ఉంటుంది. లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము దాటితే విషమని, మూడు దాటితే ప్రాణాంతకమని పుస్తకాలు చెబుతాయి. అయితే శరీరం దాన్ని గంటల్లోనే థయోసైనేట్‌గా మార్చేస్తుంది. తీసిన రక్తం సీసాలో నిలవ ఉంటే సైనైడ్ కొంత ఆవిరైపోతుంది. శవం కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు కొంత కొత్తగా తయారు చేయగలవు. సోడియం ఫ్లోరైడ్ కలిపి, మూత గట్టిగా బిగించి, చల్లగా ఉంచి, త్వరగా పంపాలి. నమూనా ఎప్పుడు తీశారు, ఎలా దాచారు అన్నది తెలియకుండా అంకెను మాత్రమే చూసి తీర్పు చెప్పే నిపుణుడిని నమ్మకూడదు.

వాసన చెప్పినది, చెప్పనిది

ట్యూరింగ్ పోస్ట్‌మార్టమ్ చేసిన పాథాలజిస్ట్ డాక్టర్ బర్డ్. కడుపులో నాలుగు ఔన్సుల ద్రవం, దానికి గట్టి చేదు బాదం వాసన. మెదడుకూ ఆ వాసన. సైనైడ్ విషం వల్ల ఊపిరాడక మరణం అని తేల్చారు. ఆపిల్ ముక్క విషం రుచి పోవడానికి తిని ఉంటాడని ఊహించారు. అంటే ఆపిల్‌కు విషం పూయడమన్న కథ పాథాలజిస్ట్ ఊహలో కూడా లేదు. అది తర్వాత పుట్టింది. 1938లో కేంబ్రిడ్జ్‌లో స్నో వైట్ సినిమా చూసి, మంత్రగత్తె ఆపిల్‌ను విషంలో ముంచే ఘట్టం ట్యూరింగ్‌కు బాగా నచ్చిందని స్నేహితులు చెప్పిన మాట దానికి ఊతమిచ్చింది.

వాసన మంచి ఆధారమే, కానీ పక్కా ఆధారం కాదు. చేదు బాదం వాసనను గుర్తించే శక్తి జనంలో కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. పైగా వాసనకు అంకె లేదు. ఎంత ఉందో చెప్పదు, ఏ దారిన వచ్చిందో చెప్పదు. ఈ కేసులో అసలు అవసరమైనది ఆ దారే.

సైనైడ్ మింగితే కడుపులో ఎక్కువగా, మిగతా అవయవాల్లో తక్కువగా ఉండాలి. వాయువు పీల్చితే ఊపిరితిత్తులు, రక్తం, మెదడుల్లో ఎక్కువ, కడుపులో తక్కువ. రక్తం, కడుపు, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం ఒక్కోదానిలో విడివిడిగా కొలిచి పోల్చితే ఈ తేడా బయటపడే అవకాశం ఉంటుంది. ఇవాళ పోస్ట్‌మార్టమ్‌లో వేర్వేరు సీసాల్లో అవయవ భాగాలు పెట్టి సీలు వేసి పంపడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ఏది ఏ సీసాలో పెట్టారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కోర్టులో కేసు తిరిగేది అక్కడే.

తత్వశాస్త్ర ఆచార్యుడు జాక్ కోప్‌లాండ్ 2012లో, ట్యూరింగ్ శతజయంతి ఏడాదిలో, ఈ తీర్పును మళ్లీ తవ్వారు. ఆయన వాదన ఇది: ట్యూరింగ్‌కు రోజూ పడుకునే ముందు ఆపిల్ తినే అలవాటు ఉంది, సగంలో వదిలేయడం మామూలే. హార్మోను చికిత్స ముగిసి ఏడాది దాటింది. ఆ చివరి రోజుల్లో ఆయన్ను చూసినవాళ్లకు కుంగుబాటు కనిపించలేదు. సెలవు తర్వాత ఆఫీసులో చేయాల్సిన పనుల జాబితా రాసి పెట్టుకున్నారు. గాలి ఆడని గదిలో మరుగుతున్న ద్రావణం నుంచి వచ్చిన వాయువు పీల్చి చనిపోయి ఉండవచ్చు. ఆత్మహత్య అని రుజువు కాలేదు. ఇవాళైతే కరోనర్ ఏమీ తేల్చలేమని రాసేవారు.

తల్లి సారా ట్యూరింగ్ మొదటి నుంచీ నమ్మింది ప్రమాదమనే. కొడుకు చేతులు సరిగా కడుక్కోకుండా వేళ్లు నోట్లో పెట్టుకుంటాడని ఆమెకు ఎప్పుడూ భయం. 1959లో తానే కొడుకు జీవిత చరిత్ర రాసి ప్రచురించింది. 1983లో సమగ్ర జీవిత చరిత్ర రాసిన ఆండ్రూ హాడ్జెస్ వేరేలా చూశారు. తల్లి ప్రమాదమని నమ్మడానికి వీలుగా ట్యూరింగ్ ఆ ప్రయోగాల గదిని అడ్డు పెట్టుకుని ఉంటారన్నది ఆయన అభిప్రాయం. 1954 ఫిబ్రవరిలో ట్యూరింగ్ కొత్త విల్లు రాశారు. దీన్ని ఇటూ వాడొచ్చు, అటూ వాడొచ్చు.

నా మట్టుకు, కడుపులోని ద్రవానికి అంత గట్టి వాసన ఉందన్నది మింగాడన్న వైపే కాస్త మొగ్గు చూపిస్తుంది. వాయువు పీల్చినవాడి కడుపు అలా వాసన కొట్టడానికి వివరణ వెతుక్కోవాలి. కానీ మింగడం వేరు, కావాలని మింగడం వేరు. రక్తంలో మిల్లీగ్రాములు ఉద్దేశాన్ని చెప్పవు. మనిషి మనసు ఏ స్థితిలో ఉందో ఏ పళ్లెంలోనూ రంగు మారదు. కరోనర్ మాత్రం రెండు రోజుల్లో రెండూ తేల్చేశారు. అలాంటి మనిషి ఎప్పుడేం చేస్తాడో చెప్పలేమన్న ధోరణి ఆయన విలేకరులతో మాట్లాడిన తీరులో కనిపించింది. 1952 కేసు గురించి తెలిసిన ఊళ్లో ఆత్మహత్య అన్న జవాబు అడగకముందే సిద్ధంగా ఉంది. అన్న జాన్ న్యాయవాది. తీర్పును సవాలు చేయకపోవడమే కుటుంబానికి మేలనుకున్నారు. విచారణ ఎంత సాగితే పత్రికల్లో అంత రచ్చ అవుతుందన్నది ఆ రోజుల్లో నిజమైన భయమే.

ఇక్కడ మనవైపు చూస్తే ఇంకో రకం తొందర కనిపిస్తుంది. 2019 నవంబర్‌లో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి, ఇరవై నెలల్లో ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో పది మందిని ప్రసాదంలో సైనైడ్ కలిపి చంపాడని చెప్పారు. పోలీసుల కథనం ప్రకారం ఆ మరణాల్లో చాలావాటిని ఇంట్లోవాళ్లు గుండెపోటే అనుకున్నారు. చివరి మరణంలో డబ్బు, బంగారం మాయమయ్యాయి కాబట్టే అనుమానం మొదలైంది. కేరళలోని కూడత్తాయి కేసులోనూ అంతే. 2002 నుంచి 2016 మధ్య జరిగిన ఆరు మరణాల్లో ఒక్కదానికే పోస్ట్‌మార్టమ్ జరిగింది, అందులోనే సైనైడ్ దొరికింది. ఏళ్ల తర్వాత తవ్వి తీసిన నలుగురి అవశేషాల్లో దాని జాడ లేదని 2023లో కేంద్ర ఫోరెన్సిక్ నివేదిక వచ్చింది. జాడ లేకపోవడం అంటే విషం లేకపోవడమా, కాలం దాన్ని తినేసిందా అన్నది కోర్టులు తేల్చుకోవాల్సిన సంగతి. విల్మ్‌స్లోలో సైనైడ్ అని వెంటనే తెలిసింది, మిగతాదంతా ఊహించేశారు. ఏలూరులో సైనైడ్ అన్న ఊహే రాలేదు. రెండుచోట్లా ఎవరైనా అడగాల్సిన ఒక పరీక్షను అడగలేదు.

ఆ తర్వాత జరిగినవి చాలామందికి తెలిసినవే. 2009లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2013 డిసెంబర్ 24న రాణి క్షమాభిక్ష ఇచ్చారు. అదే చట్టం కింద శిక్షపడి చనిపోయిన వేలమందికి 2017లో చట్టం ద్వారా ఆ క్షమాభిక్ష వర్తించింది. 2021లో యాభై పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది. శిక్షను ఇలా వెనక్కి తిప్పగలిగారు. మరణ కారణాన్ని మళ్లీ పరిశీలించడానికి మాత్రం చేతిలో ఏమీ లేదు. ఆపిల్ పోయింది. 1954 జూన్ 12న వోకింగ్‌లో దహనం చేశారు. ఏడేళ్ల కిందట జూలియస్ ట్యూరింగ్ చితాభస్మం చల్లిన తోటలోనే కొడుకుదీ చల్లారు.